ఇరుకక్షరము

తెనుగక్షరములను నేను బడిలో నేర్చుకొన్నవాడను కాను. ఇంటిలో తెలుగు మాటలాడుకొని, బడిలో కన్నడము చదువుకొని, వీధిలో అరవముతో వ్యవహారము జరుపుకొను కుటుంబములు కోలారు జిల్లాలో ఎన్నియో కలవు. ముళబాగిలు ప్రక్కనుండి బంగారుగనుల యొద్దకు వచ్చి ఆండర్సన్‌పేటలో అంగడి పెట్టుకొనిన మా కుటుంబమును వానిలో నొకటి. మాతృభాషకు లిపి యున్నదను సంగతి చాలకాలము మాకు వినికిడిగానే యుండెను. నాకు అ ఆలు నేర్పినది ఒక గోడ. మా యంగడివీధి మలుపులో, సున్నము పెచ్చులూడి యెఱ్ఱని యిటుకలు తొంగిచూచుచుండెడి పొడవాటి గోడ యొకటి యుండెడిది. దానిమీద ప్రతి శుక్రవారము తెలతెలవాఱగనే, ఒక చేత మైదాపిండి జిగురు డబ్బాయు వేఱొకచేత చీపురుకట్టయు పట్టుకొని వచ్చినవాడు క్రొత్త సినిమా పోస్టర్లను అతికించి పోయెడివాడు. కన్నడాక్షరములు వచ్చినవానికి తెనుగక్షరములను పోల్చుకొనుట యెంతసేపు? సగమునకు సగము అవి తోబుట్టువులే గదా! తలకట్టొకటి అలవడెనా, మిగిలినది పెదతల్లి యింటికి పోయివచ్చినంత సులువు.

ఆ పోస్టరక్షరములన్నియు సన్ననివి, పొడవైనవి. కథానాయకుని ముఖము, కథానాయిక ముఖము, ప్రతినాయకుని మీసములు, ఒక జీపు, ఒక గుఱ్ఱము, వీనికన్నిటికిని చోటు చూపగా మిగిలిన బెత్తెడు స్థలములో చిత్రము పేరును, దాని క్రింద నిర్మాతయు దర్శకుడును సంగీతకర్తయు ఇమిడిపోవలసి యుండగా, అక్షరములు ఒండొంటి భుజములు రాచుకొనుచు, ఊపిరి బిగబట్టి నిలుచుండెడివి. తెనుగక్షరమనగా అట్లే యుండుననుకొంటిని. పలమనేరునుండి వచ్చిన మా చిన్నత్త పెద్దబాలశిక్ష ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టినప్పుడు, అందలి గుండ్రని యక్షరములు లడ్డుల బుట్టవలె కనబడి, అచ్చువేసినవారు ఎక్కడనో పొరపాటు పడిరని నేను గట్టిగా వాదించితిని. అత్త నవ్వి, "వాళ్లు తిన్నోళ్లురా, నీ గోడ మీద వాళ్లు పస్తులోళ్లు" అన్నది. ఇప్పటికిని పుస్తకము విప్పినప్పుడెల్ల ఒక లిప్తపాటు ఆ తొలిభ్రమ నాకు కలుగకపోదు.

పస్తులవారని అత్త యన్నమాటను నేను అంగీకరింపలేదు. సన్నని యక్షరము వేఱు, చిక్కినది వేఱు. తాటిచెట్టు సన్ననిది, కఱవులోని గొడ్డు చిక్కినది. మొదటిది తన యాకారమునకు తానే యజమాని. రెండవదాని యాకారము దానికి జరిగిన అన్యాయము. అక్షరములలో ఈ భేదము కంటికి వెంటనే తెలియునుగాని నోటితో చెప్పుట కష్టము. ఫ్లెక్సుబోర్డుల కాలము వచ్చినపిదప నాకది తెలిసివచ్చినది. బంధువుల యింట గృహప్రవేశమునకు స్వాగతపు ఫ్లెక్సు కావలసివచ్చి, ఊరిలో ఒక ఫ్లెక్సు అంగడికి పోతిని. అక్కడి కుఱ్ఱవాడు పేర్లన్నియు టైపు చేసి, అవి చోటునకు మించియుండుట చూచి, మౌసుతో ఆ వరుస చెవి పట్టుకొని లోపలికి నెట్టెను. వరుస సగమునకు సగము కుఱుచయైనది, ఎత్తు తగ్గలేదు. "సరిపాయె సార్" అనెను. అతని లెక్కకు సరిపోయినమాట నిజమే. కాని మఱునాడు తోరణము క్రింద కట్టిన ఆ ఫ్లెక్సును చూచితినిగదా, గుండ్రని గీత పొడవునను ఒకే లావుగా నుండవలసిన అక్షరములకు, ఇరుప్రక్కల బుగ్గలు పీక్కొనిపోయి, నడినెత్తియు గడ్డమును మాత్రము లావెక్కియుండెను. అడ్డముగా నొక్కినప్పుడు నిలువుగీతలే సన్నబడును. అడ్డగీతల లావునకు ఆ నొక్కుడు తగులదు. అందుచేత యంత్రము నొక్కిన అక్షరము సన్నపడదు, వికారపడును. అక్షరశిల్పి యైనవాడు ఇరుకక్షరము కావలెనన్నచో ఉన్నదానిని నొక్కడు. మొదటినుండి మఱల గీయును. గీత లావును సరిచూచుకొనును, గుండ్రమును కోడిగ్రుడ్డుగా గాక నిలువుగోడల గదిగా మార్చును, లోపలి ఖాళీ పూడిపోకుండ ఎక్కడనో ఒక గీతను సన్నగిలజేయును. ఈ శ్రమ యంతయు ఎవ్వరికిని కనబడదు. కనబడినచో అది చెడినదన్నమాటయే.

పశ్చిమదేశములలో ఈ జాతి యక్షరములకు బలము చేకూర్చినది పుస్తకము కాదు, గోడయే. పందొమ్మిదవ శతాబ్దమున లాటరీలవారు, నాటకములవారు, సర్కసులవారు వీధులనిండ ప్రకటనలు అంటింపసాగిరి. పెద్దయక్షరములను సీసముతో పోతపోసిన బరువు హెచ్చు, ఖరీదు హెచ్చు, క్రిందపడిన నొక్కుబడుట హెచ్చు. 1827లో న్యూయార్కున డేరియస్ వెల్స్ అను ముద్రాపకుడు కొయ్యయక్షరములను యంత్రముతో చెక్కు మార్గము కనిపెట్టెను. తరువాత ఏడేండ్లకు లెవెన్‌వర్త్ అనునతడు ఒక నమూనా అంచు వెంబడి పోవుచు దానినిబట్టి వేఱు కొలతలలో చెక్కు పరికరమును దానికి జోడించెను. ఇక అక్షరమును సాగదీయుటకుగాని కుదించుటకుగాని అడ్డు లేకపోయినది. ప్రకటన కాగితపు వెడల్పు మారదు; మాటలు మాత్రము ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. పొట్టిమాటకు లావుపాటి యక్షరమును, పొడుగుమాటకు సన్నని యక్షరమును వేసి, ప్రతి వరుసను ఈ యంచునుండి ఆ యంచువఱకు నింపుట ఆనాటి పనివారి నేర్పు. అందుచేత ఇరుకక్షరము పుట్టుక సౌందర్యదృష్టితో జరిగినది కాదు. పొడవాటి పేరు కలవారిని గోడమీద కూర్చుండబెట్టుటకై చేసిన సర్దుబాటు.

సర్దుబాటునకే ఒక సొగసు వచ్చుట తరువాతిమాట. ఆ సొగసు చూడవలెనన్నచో 1935లో అమెరికన్ టైప్ ఫౌండర్స్ వారికొఱకు వాల్టర్ హక్స్‌లీ గీసిన 'హక్స్‌లీ వర్టికల్' అను అక్షరముల వరుసను చూడవలెను. అంతటను ఒకే సన్నని గీత, తాడిచెట్టంత నిలువు. అయినను ఏ, ఎఫ్, హెచ్ మొదలగువానియందలి అడ్డగీత తన హద్దులో నుండక నిలువుగీతను దాటి ఎడమవైపునకు చొచ్చుకొని వచ్చును. కిక్కిఱిసిన బస్సులో అందఱును ఒదిగి నిలుచుండగా ఒకడు కిటికీలోనుండి మోచేయి బయట పెట్టినట్లుండును. అవసరము లేదు, పైపెచ్చు ఇరుకున ప్రక్కవానికి ఇబ్బంది కూడను. కాని ఆ మోచేయి తీసివేసి చూడుడు, అక్షరము ఇనుపకమ్మిగా మిగిలిపోవును. ఇరుకక్షరమునకు వ్యక్తిత్వము వచ్చుట, అది ఒదిగినచోట కాదు, ఒదుగుటకు ఒప్పుకొననిచోట అని నాకు తోచుచున్నది.

తెలుగులో ఆ ఒప్పుకొననిచోటు ఏది? ఈ ప్రశ్నకు సమాధానము నాకు మా ఊరిపేరే చెప్పినది. ఆండర్సన్‌పేట యను మా ఊరి పేరును నాలుగు లిపులలో వ్రాసి చూచుకొనుట నాకొక దురలవాటు. రైలుకొఱకు వేచియున్నప్పుడును, సభలో ఉపన్యాసము సాగుచున్నప్పుడును, కాగితపు అంచున వ్రాయుచుందును. ఇంగ్లీషులో పదునొకండు అక్షరములు. పెద్దబడి అక్షరములైనచో అన్నియు ఒకే యెత్తున బారులు తీరి నిలుచును. అరవములో తొమ్మిది, ఆ లిపికి సంయుక్తాక్షరముల బెడద లేకపోవుటచేత ప్రతి పొల్లుహల్లును నెత్తిన చుక్కపెట్టుకొని వరుసలోనే నడచును, ఏత్వమునకు గుఱుతు అక్షరమునకు ముందుగా వచ్చి మఱికొంత చోటు నాక్రమించును. ఇక కన్నడము, తెలుగు. ఈ రెండును చూపునకు ఒక్కతీరుగా నుండును; ఆకారము మొదలు టకారము వఱకు ప్రతి యక్షరమును రెండిట గుఱుతుపట్టవచ్చును. అయినను ఇరుకున పడినప్పుడు వీని స్వభావములు వేఱని బయటపడును. రేఫ తరువాత సకారము వచ్చినచోట కన్నడము సకారమును యథాస్థానముననుంచి, రేఫను దాని కుడిప్రక్కన ఒక కొక్కెముగా తగిలించును. మన పాతవ్రాతలో వలపలగిలక చేసిన పనియే అది; మనము దానిని విడిచిపెట్టితిమి, వారు ఉంచుకొనిరి. మనము రేఫను వరుసలో నిలిపి, సకారమును దాని క్రిందికి దింపుదుము. అట్లే 'పే' యనుచోట కన్నడము దీర్ఘమును ప్రక్కకు చాపును. మనము నెత్తిన వంచుదుము. కన్నడము అడ్డముగా చోటడుగుచుండగా, తెలుగు నిలువుగా అడుగుచున్నదన్నమాట. ఆఱక్షరములలో మా ఊరు ముగియును గాని, ఆ యాఱింటికిని పైన ఒక మేడయు క్రింద ఒక నేలమాళిగయు కావలెను.

తెనుగక్షరమును ఇరుకుచేయబోవువాడు మఱచిపోవునది ఇదియే. వెడల్పు తగ్గించినంతమాత్రమున చోటు మిగులదు. 'రాష్ట్ర' మను మాట ఒక్కటి వచ్చెనా, షకారము క్రింద టకారమును దాని ప్రక్కనో క్రిందనో రేఫయు వ్రేలాడుచు క్రింది వరుస నెత్తిమీద కాలుమోపును. సీసపుటక్షరముల కాలములో కంపోజిటరు ఈ వత్తులను వేఱు గదులనుండి ఏఱుకొనివచ్చి కూర్చుచు ఎంత విసుగుకొనెడివాడో, నేడు కంప్యూటరు ముందు కూర్చున్నవాడును అంతియే విసుగుకొనుచున్నాడు. కంప్యూటరున కొక వింతబుద్ధి కూడ కలదు: మా ఊరిపేరు నడుమ నకారపు పొల్లును పకారమును వేఱుగా నుంచుమని ప్రత్యేకముగా ఆజ్ఞాపింపనిచో, ఆ పకారమును కూడ వత్తుగా మార్చి నకారమునకు తగిలించి, 'న్పే' అని ఎవ్వరును నోట పలుకలేని ముద్దనొకదానిని చేసిపెట్టును. ఇట్టి ముద్దలు బస్సులమీదను, పెండ్లిపత్రికలలోను నేనెన్నియో చూచితిని. చూచి నవ్వుకొందునుగాని, చోటు మిగిల్చినది గదాయని లోలోపల ఒకింత మెచ్చుకొందును కూడ.

క్రిందికి దిగుట మా ఊరికి క్రొత్తకాదు. ఇక్కడి బంగారము పొలములవలె పఱచుకొని యుండలేదు. పలుగురాతి సన్నని పట్టెలలో, దాదాపు నిలువుగా, పాతాళమువైపునకు పోవుచుండెను. దానిని వెంటాడుచు 1880 నుండి జాన్ టేలర్ కంపెనీవారును, పిమ్మట ప్రభుత్వమువారును త్రవ్వగా త్రవ్వగా, చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైబడిన లోతునకు పోయినది. భూమిమీద గనిపనివారి కుటుంబములున్న లైన్లలోని యిండ్లు మాత్రము, మొదట వెదురుతట్టి గుడిసెలై పిదప వరుసగదులై, ఎన్నడును వెడల్పు ఎఱుగవు. మా నాయన అంగడికి వచ్చు గనిపనివారు గడపలో నిలుచున్నప్పుడు కూడ భుజములు దగ్గఱకు తీసికొని నిలుచుండెడివారు; అది గనిలోనికి దింపు ఇనుపపంజరములో నిలుచుండి నిలుచుండి వచ్చిన అలవాటని నాయన చెప్పెడివాడు. ఈ గనుల ప్రాంతమంతటి పేరును గూడ మావారు ఎంతగా కుదించిరో లోకమంతటికి తెలిసినదే. కోలారు గోల్డ్ ఫీల్డ్స్ అను పొడవాటి పేరు కె.జి.ఎఫ్. అను మూడు పొడియక్షరములై, 2018లో వచ్చిన సినిమా పుణ్యమాయని దేశముమీద పడినది. గనులు అంతకు పదునేడేండ్ల పూర్వమే, 2001 ఫిబ్రవరి 28న, మూతపడినవన్నమాట ఆ పోస్టర్లు చూచి కేకలు వేసినవారిలో ఎందఱికి తెలియునో.

ఈ మధ్య అక్షరశిల్పులు తెలుగును పట్టించుకొనుచున్నారు, సంతోషింపదగిన విషయము. ముంబయిలోని ఏక్ టైప్ వారు చేసిన 'అనేక్' అను అక్షరకుటుంబములో పది లిపులు కలవు. తెలుగు వానిలో నొకటి. అందు వెడల్పు ఒక కొలతబద్దవలె జరుగును, నూటికి డెబ్బదియైదు వఱకు కుదించుకొనవచ్చును, నూటయిరువదియైదు వఱకు విప్పుకొనవచ్చును. నొక్కుట కాదది; రెండు కొసలను గీసియుంచి, నడుమనున్న మెట్లను యంత్రముచేత లెక్కగట్టించుట. బుగ్గలు పీక్కొనిపోవు బాధ లేదు. సిలికానాంధ్రవారు ఉచితముగా విడుదలచేసిన అక్షరములకు పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ అని రాయలనాటి కవుల పేర్లు పెట్టిరి. ఫ్లెక్సులవాడు "సార్, తిమ్మన బోల్డుగా లేడు" అనినప్పుడు కవికి ఎట్లుండునో గాని నాకు ముచ్చటగా నుండును. అన్నిటికంటె నాకు ఇష్టమైనవి వైష్ణవీ మూర్తియు హువాన్ లూయిస్ బ్లాంకోయు కలసి చేసిన 'అకాయ కనడక', 'అకాయ తెలివిగల' యను జంట. మొదటిది కన్నడమునకు, రెండవది తెలుగునకు. ఇంగ్లీషు రెండిటికిని ఒక్కటే. ఒక చేతిలోనుండి వచ్చిన రెండు దస్తూరులవలె నుండును. కొంటెతనము పాలు హెచ్చుగా నున్న అక్షరములవి, పుస్తకమునకు పనికిరావు. గోడకు పనికివచ్చినచాలును.

అయినను నేను చూచిన తెనుగు ఇరుకక్షరములలో మేలైనది ఏ కంప్యూటరులోను లేదు. మా నాయన అంగడిమీద రేకుబోర్డు వ్రాయించిన నాటికి నాకు పదునొకండేండ్లుండును. ఆఱడుగుల పొడవు, అడుగున్నర యెత్తు. పసుపుపచ్చని నేలమీద ఎఱ్ఱని యక్షరములతో కన్నడము, దాని క్రింద అరవమును ఇంగ్లీషును చెఱిసగము. అంతయు ముగిసినపిదప నాయనకు తెలుగు జ్ఞాపకము వచ్చెను. మిగిలినది అట్టడుగున మూడంగుళముల పట్టె. బోర్డు వ్రాయువాడు నిచ్చెనమీదనుండి దిగి, బీడీ ముట్టించి, ఆ పట్టెను చాలసేపు చూచెను. సుద్ద పూసిన దారమును రెండు కొసల పట్టి కొట్టగా రేకుమీద రెండు తెల్లని గీతలు పడెను. వాని నడుమ రెండంగుళములు కూడ లేవు.

"ఊరి పేరుతో సహా పట్టాల" అనెను నాయన.

"పట్టిస్తా అణ్ణా. అడ్డంగా ఎంత నొక్కమంటే అంత నొక్కుతా. కింద వత్తు మాత్రం నా మాట ఇనదు."

అతడు ముందుగా ఏమియు కొలువలేదు. చదునుకుంచెను రంగులో ముంచి, డబ్బా అంచున రెండుప్రక్కల రాచి, ఎడమచేతి చిటికెనవ్రేలును రేకునకు ఆనించి, కుడిచేతికి దానినే ఆసరాగా చేసికొని, నిలువుగీతలు గీయసాగెను. అన్ని యక్షరముల నిలువుగీతలును ముందు, గుండ్రములు పిదప. గుండ్రమును గీయునప్పుడు కుంచెను వ్రేళ్లనడుమ కొంచెముగా త్రిప్పెడివాడు. అందుచేత మలుపులో గీత సన్నబడక అదే లావున తిరిగివచ్చెడిది. తలకట్టులను చిట్టచివర, సన్నకుంచెతో, పిట్ట వాలినట్లు ఒక్కొక్క విసురున వ్రాసెను. ప్రతి తలకట్టును తన యక్షరమును దాటి ప్రక్కయక్షరము నెత్తిమీదికి ఒకింత పోయినది. హక్స్‌లీ మోచేయి అప్పటికి నాకు తెలియదు. రేఫ క్రింద సకారపు వత్తు వచ్చునప్పటికి రేకు ముగిసినది. అతడు ఆగలేదు. వత్తు మొదలు రేకుమీద వ్రాసి, దాని క్రింది మలుపును చట్రము చెక్కమీదుగా దింపి, కొసను గోడసున్నముమీద ముగించి, కుంచె తుడుచుకొనెను.

నాయన కోపపడునని భయపడితిని. ఆయన వీధి కావలిప్రక్కకు పోయి నిలుచుండి చూచి, నవ్వి, మాట్లాడిన దానిపై మఱి అయిదు రూపాయలు చేర్చి ఇచ్చెను. అది మొదలు ప్రతియేడు సున్నము కొట్టువాడు వచ్చినప్పుడు, "ఆ వత్తు మీదికి కుంచె పోనీకురా" అని హెచ్చరించుట మా యింట పండుగముచ్చట యైనది. సున్నపుపొరలు చుట్టును ఏటేట లేచుచుండగా, వత్తుకొస మాత్రము గుంటలో పడినట్లు క్రమముగా లోతుపడుచు వచ్చినది.

అంగడి ఇప్పుడు మా తమ్ముడు చూచుకొనుచున్నాడు. కన్నడభాషా సమగ్రాభివృద్ధి చట్టమును 2024లో సవరించి, అంగళ్ల బోర్డులలో నూటికి అఱువది పాళ్లు కన్నడమే, అదియు పైభాగముననే యుండవలెనని నిర్ణయించిరి. మా బోర్డులో కన్నడము మొదటినుండి పైననే యున్నను సగమునకు తక్కువగా నుండెను. ఏ రాష్ట్రపు భాష ఆ రాష్ట్రములో పెద్దగా కనబడవలెననుటలో నాకు తప్పు తోచలేదు. మిగిలిన నలువది పాళ్లలో మూడు లిపులు సర్దుకొనవలెననగా, ఇరుకక్షరమునకు మా ఊరిలో పని పెరిగినదని మాత్రము అనుకొంటిని. తమ్ముడు రేకుబోర్డు విప్పించి, దీపములు లోపల వెలుగు క్రొత్తబోర్డునకు కొలతలు ఇచ్చెను. నేను పోయి చూచునప్పటికి పాతరేకు లోపల బియ్యపు బస్తాల వెనుక ఆనించియుండెను. క్రొత్తది ఇంకను రాలేదు. బయట గోడమీద, బోర్డున్నచోట ఆఱడుగుల పొడవున పాతసున్నపు దీర్ఘచతురస్రము, దాని దిగువ అంచున, నడిమికి ఎడమగా, ఎఱ్ఱని కొక్కెమొకటి. ఒకడు సైకిలు ఆపి, దానిని చూచి, అది ఏమని తమ్ముని అడిగెను.

"స" అనెను తమ్ముడు.